వారసత్వ సంపదకు వెలకట్టే పని ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఏ ఎకనామిక్స్, హిస్టరీ ఫైనలియర్ చదువుతోంది. పాత కట్టడాలకు, కళలకు ఆర్థికంగా విలువకట్టే రంగంలోకి వెళ్తానంటోంది. అసలు అలాంటి ఉద్యోగాలు ఉంటాయా? వాళ్ల నాన్నగారు గ్రూప్స్ కోచింగ్‌లో చేర్పించేద్దామంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, గుడివాడ

జవాబు: ఉంటాయమ్మా. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్ పడదు. మీవారి భయం అక్కడి నుంచే వచ్చింది, అందులో ఆయన తప్పేమీ లేదు.

ముందు ఆ పనేమిటో మీకు తెలిసిన కొండపల్లి బొమ్మతోనే చెబుతాను. తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, ఏనుగు తొండం, అంబారీ, మావటివాడి చెయ్యి విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఇప్పుడు లెక్క రాయాలి. బొమ్మకు షాపులో ధర ఉంది, అది కదిలే వస్తువు. చెక్కే నైపుణ్యం కంటికి కనిపించని ఆస్తి. పొణికి చెట్టు ప్రకృతి సంపద కిందికి వస్తుంది. కొండమీది ఖిల్లా కదలని కట్టడం. మన ఇళ్లలో దసరాకో సంక్రాంతికో పెట్టే బొమ్మల కొలువు ఒక ఆచారం. ఒక్క బొమ్మను పట్టుకుంటే ఇన్ని గళ్లు తేలాయి.

దేన్ని ఏ గడిలో వెయ్యాలో తేలకుండా వెలకడితే లెక్క రెండువైపులా తప్పుతుంది. బొమ్మ ధరలో చేసినవాళ్ల కూలి ఎలాగూ ఉంటుంది. ఆ ధరనూ, వాళ్ల సంపాదననూ కలిపేస్తే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కేసినట్టు. ధర ఒక్కటే చూస్తే ఇంకో పెద్ద విషయం జారిపోతుంది. రేపు వాళ్ల పిల్లలు ఈ పని నేర్చుకోకపోతే పోయే విద్య ఖరీదు ఏ బిల్లులోనూ కనిపించదు. నన్నడిగితే ఈ రంగానికి మనుషులు కావలసింది ఈ రెండో తప్పు జరగకుండా చూడటానికే.

వర్గీకరణలు ఇప్పటికే చాలా ఉన్నాయి. మన దేశపు 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు పురావస్తువు, విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. యునెస్కో 1972 ఒప్పందం కట్టడాలు, స్థలాల గురించి, 2003 ఒప్పందం కళలు, నైపుణ్యాల గురించి. అయితే ఇవన్నీ కాపాడటానికి గీసిన గీతలు. ఆర్థికవేత్త గీత వేరు: ఎవరికి ఏం ప్రయోజనం అందుతోంది? వెళ్లి చూసేవాళ్ల ఆనందం ఒకటి. ఎప్పుడైనా చూడొచ్చులే అన్న భరోసా ఇంకొకటి. ఎన్నడూ చూడకపోయినా అది ఉండాలనుకోవడం, మనవల దాకా మిగలాలనుకోవడం మరో రెండు.

మొదటిదాన్ని కొలవడానికి సందర్శకుల ప్రయాణ ఖర్చు, పోయిన సమయం లెక్కిస్తారు. చివరి రెండింటికీ సర్వే చేసి, ‘దీన్ని నిలబెట్టడానికి ఏడాదికి ఎంత ఇవ్వగలరు?’ అని అడుగుతారు. ప్రశ్నలో ఒక్క మాట మారినా జవాబు మారిపోతుంది. పూజలు జరిగే గుడి దగ్గరైతే మరీ జాగ్రత్తగా అడగాలి. దేవుడికి వెలకడతారా అని భక్తులు నొచ్చుకుంటారు, నొచ్చుకోవడం న్యాయమే. బ్రిటన్ ప్రభుత్వం 2021 జనవరిలో సంస్కృతి, వారసత్వాలను పెట్టుబడిగా లెక్కించే పద్ధతిని ప్రకటించి దీన్ని ప్రభుత్వ ఖర్చుల నిర్ణయాలకు ముడిపెట్టింది. మన దగ్గర ఇది ఇంకా పర్యాటక ప్రాజెక్టుల నివేదికల్లో, కన్సల్టెన్సీల్లో, పరిశోధన సంస్థల్లో చెదురుమదురుగా జరుగుతోంది.

కాబట్టి నా సలహా: హెరిటేజ్ అని పేరున్న కోర్సులో ఇప్పుడే చేర్చకండి. ముందు ఎంఏ ఎకనామిక్స్ చేయించండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. పర్యావరణానికి విలువకట్టే పద్ధతులు ఇక్కడా పనికొస్తాయి కాబట్టి మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కూడా చూడండి. కొన్నిచోట్ల ఇంటర్‌లో లెక్కలు ఉండాలంటారు, దరఖాస్తుకు ముందే ఆ నిబంధన చదవండి. అమ్మాయికి స్టాటిస్టిక్స్ అంటే భయముంటే ఈ ఏడాదే పోగొట్టుకోవాలి. అది లేకుండా ఈ దారిలో ఒక్క అడుగు కూడా పడదు.

మీవారికి ఇంకో మాట చెప్పండి. ఎకనామిక్స్‌లో పీజీ ఉంటే యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. గ్రూప్స్ ఎలాగూ ఎక్కడికీ పోవు. అంటే ఆయన కోరిన సర్కారు కొలువు దారి మూసుకుపోవడం లేదు.

ఈ సెలవుల్లో అమ్మాయిని నాలుగు రోజులు కొండపల్లి పంపండి. బొమ్మలు చేసే పది ఇళ్లకు వెళ్లి కర్ర ఎంతకు కొంటున్నారు, బొమ్మకు ఎన్ని గంటలు పడుతోంది, పిల్లలు ఏ పని చేస్తున్నారు అని అడిగి రాసుకోమనండి. ఆ కాగితాలను ఇందాక చెప్పిన గళ్లలో సర్దమనండి. ఎక్కడ సర్దాలో తేలక రాత్రి పదింటికి కూడా వాటినే ముందేసుకుని కూర్చుంటే, కోచింగ్ ఫీజు ఇప్పుడే కట్టకండి.