బ్యారెల్ మీద 14 అని ఉంది, కొనమంటారా?

ప్రశ్న (డాలస్ దగ్గరి ఊరి నుంచి): అన్నా, గ్రీన్‌కార్డ్ వచ్చి ఏడాదైంది. పాత రివాల్వర్ ఒకటి దాచుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. మొన్న గన్ షోలో స్మిత్ అండ్ వెసన్ .38 డబుల్ యాక్షన్ ఒకటి చూశాను. నాలుగంగుళాల బ్యారెల్, మాట్ నలుపు రంగు, పిడి అడుగున ఇనుప రింగు, నంబరు V అక్షరంతో మొదలైంది. బ్యారెల్ పైన "డిసెంబర్ 29, 14" అని ఉంది కాబట్టి 1914 నాటిదని, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎవరో ఆఫీసర్ దగ్గర ఉండేదని అమ్మేవాడు చెప్పాడు. 750 అంటున్నాడు, గట్టిగా అడిగితే 700కి ఇచ్చేలా ఉన్నాడు. ట్రిగ్గర్ కూడా చాలా స్మూత్‌గా ఉంది. ఫోటోలు పంపుతున్నా. కొనమంటారా?

జవాబు: వద్దు. ఆ ధరకైతే అస్సలు వద్దు.

ముందు ఆ 1914 సంగతి. అది తయారైన తేదీ కాదు, పేటెంట్ తేదీ. బ్యారెల్ పైన ఆ వరుసను మొత్తం చదివితే ఫిబ్రవరి 6, 06 అనీ, సెప్టెంబర్ 14, 09 అనీ ఇంకో రెండు తేదీలు కనిపిస్తాయి, మరి అవెందుకు పనికి రాలేదో అతన్నే అడగాల్సింది. ఆఖరి తేదీ పట్టుకుని వయసు చెప్పేవాళ్ళు ప్రతి షోలో ఉంటారు, అందరూ మోసగాళ్ళని కాదు, కొందరు నిజంగానే అలా అనుకుంటారు. మీరు చూసింది విక్టరీ మోడల్. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళ మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వర్ల నంబర్లు పది లక్షలకు చేరాయి, అక్కడి నుంచి 1942లో V అక్షరం పెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టారు. V అంటే విక్టరీ. అంటే మీ ఆఫీసర్‌గారు మొదటి యుద్ధంలో ఇంకా తయారు కాని రివాల్వర్‌తో పోరాడారన్నమాట.

తేదీ తప్పయినంత మాత్రాన వద్దనను. విక్టరీ మోడల్ మంచి వస్తువే, చెక్కు చెదరకుండా ఉంటే నేనే కొంటాను. అసలు సమస్య మీ మూడో ఫోటోలో ఉంది. దాన్ని పెద్దది చేసి చూడండి, బ్యారెల్ పక్కన చిన్న కిరీటం గుర్తు, దాని దగ్గరే .38 అనీ .767 అనీ అంకెలు కనిపిస్తాయి. అవి తుపాకుల్ని పేల్చి పరీక్షించే ఇంగ్లాండ్ ప్రూఫ్ హౌస్ ముద్రలు. యుద్ధంలో అమెరికా ఈ రివాల్వర్లను బ్రిటన్‌కీ, కామన్వెల్త్ దేశాలకూ లక్షల్లో పంపింది, అవి వాళ్ళ .38/200 తూటాకి చేసినవి. అమెరికాలో దాన్నే .38 ఎస్ అండ్ డబ్ల్యూ అంటారు. ఆ .767 అనేది ఆ తూటా షెల్ (మందు నింపే లోహపు గొట్టం) పొడవు, అంగుళాల్లో. ఇక్కడ అందరూ వాడే .38 స్పెషల్ షెల్ పొడవు 1.155 అంగుళాలు. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కావు, బ్రిటిష్ తూటా పొట్టిది, కొంచెం లావుది.

యుద్ధం అయ్యాక వీటిని మూటలకొద్దీ వెనక్కి తెచ్చి అమ్మిన వ్యాపారులు ఏం చేశారంటే, సిలిండర్‌లో తూటాలు పట్టే గదులను లోపలికి ఇంకాస్త తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేశారు, అయిదంగుళాల బ్యారెల్‌ని నాలుగుకో రెండుకో కోసి, గురి చూసే ముందు సైట్‌ని మళ్ళీ అతికించారు. మీ ఫోటోలో సైట్ అడుగున సన్నని గీత ఉంది చూడండి, అది అతుకు. అసలుదైతే బ్యారెల్‌తో కలిసే ఒకే ముక్కగా వస్తుంది. పైన కంపెనీ పేరు కూడా మధ్యలో లేదు, ముందువైపుకి జరిగినట్టుంది. రాతలు జరగలేదు, ముందు నుంచి బ్యారెలే తగ్గింది.

ఇలాంటి దాంట్లో .38 స్పెషల్ పేలిస్తే ఏమవుతుందో నా చేతుల్లో చూశాను. తొలిచిన గది ముందు భాగం సరిగ్గానే ఉంటుంది, వెనక భాగం లావు షెల్ కోసం చేసింది కాబట్టి వదులు. పేలాక బయటికి తీసిన షెల్ అడుగున గర్భిణి పొట్టలా ఉబ్బి ఉంటుంది, ఒక్కోసారి నిలువుగా చీలుతుంది కూడా. మామూలు లోడ్‌కే ఇలా ఉంటే, ప్లస్ పి లాంటి బలమైన తూటాల జోలికి వెళ్ళనే వద్దు. ఇంకోటి, నంబరు ముందు SV లేకుండా ఉత్త V మాత్రమే ఉన్నవి పాత సేఫ్టీతో వచ్చినవి. 1944లో ఒక ఓడ మీద లోడ్ చేసిన విక్టరీ రివాల్వర్ ఉక్కు డెక్ మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు, ఆ తర్వాతే, కింద పడ్డా సుత్తి లాంటి హ్యామర్ తూటాని కొట్టకుండా అడ్డుకునే కొత్త హ్యామర్ బ్లాక్ పెట్టి S అక్షరం చేర్చారు. తర్వాత ఫ్యాక్టరీలో మార్పించిన V రివాల్వర్లూ ఉన్నాయి, కానీ పక్క ప్లేటు విప్పి చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

బ్యారెల్ కోసి, గదులు తొలిచి, సైట్ అతికించిన ఈ వస్తువుకి కలెక్టర్ దగ్గర విలువ లేదు. నేనైతే 300 దాటి ఒక్క డాలర్ పెట్టను, అదీ మెకానిజం బాగుంటేనే, గోడకి పెట్టుకోవడానికి. ఇదే రివాల్వర్ అయిదంగుళాల బ్యారెల్‌తో, తొలవని సిలిండర్‌తో, అన్ని చోట్లా ఒకే నంబరుతో దొరికితే 750 గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చు.

నంబర్లంటే ఏ నంబర్లు అని మళ్ళీ ఉత్తరం రాస్తారు కాబట్టి ఇప్పుడే చెప్తా. పిడి అడుగున ఉన్నది అసలు నంబరు. సిలిండర్ బయటికి తీసి దాని వెనక ముఖం చూడండి, బ్యారెల్ కింద, ఖాళీ షెల్స్‌ని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్ దాక్కునే చదునైన చోట చూడండి, కుడి పిడి చెక్కని విప్పి లోపలివైపు చూడండి. అన్నీ కలవాలి. పిడి అడుగున నంబరు పక్కన చిన్న నక్షత్రం ఉంటే అది ఎప్పుడో రిపేరుకి ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చిందని అర్థం. అది తప్పేం కాదు, తెలిసి కొనడం వేరు తెలియక కొనడం వేరు, అంతే. బ్యారెల్ మీద "యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ" అనో, మరొకటో ఉందంటారు కొందరు, విక్టరీకైతే ఆ ముద్ర ఫ్రేమ్ పైన పట్టీ మీద వెతకాలి.

ఇక చేతిలోకి తీసుకుని చూడటం. అమ్మేవాణ్ణి అడిగి, సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని మీ కళ్ళతో చూసుకున్నాకే మిగతావి. సినిమాల్లోలాగా మణికట్టు విదిలించి సిలిండర్ మూస్తే అక్కడే మర్యాద పోతుంది, దాన్ని మోసే చిన్న చేయి వంగుతుంది, రెండు చేతులతో నెమ్మదిగా మూయాలి. తర్వాత ఎడమ బొటనవేలు సిలిండర్‌కి ఆనించి కొంచెం బరువు పెట్టి, కుడిచేత్తో హ్యామర్‌ని చాలా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపే కింద ఉన్న ఆపు సిలిండర్ గాడిలో టక్కున పడాలి, ఆ చప్పుడు వినిపిస్తుంది. ఆరు గదులకీ ఇలాగే చూడాలి, అయిదు బాగుండి ఒకటి వెనకబడినవి చాలా ఉంటాయి. హ్యామర్ నిలబడ్డాక వెనక నుంచి బొటనవేలితో ముందుకి నెట్టండి, కదలకూడదు, పడిపోతే లోపల ఎవరో ట్రిగ్గర్ తేలిక చేద్దామని ఆకురాయి పెట్టారని అర్థం. "ట్రిగ్గర్ చాలా స్మూత్‌గా ఉంది" అని మీరు ఉత్తరంలో మురిసిపోయారు, నాకైతే అదే టెన్షన్.

పాలిష్ విషయంలో నేను తిన్న దెబ్బ చెప్పాలి. నేను కొన్న మొదటి పాత స్మిత్ అండ్ వెసన్ నికెల్‌ది, అద్దంలా మెరిసిపోయేది, ఎనభై ఏళ్ళ వస్తువు ఇంత బాగుందా అని అడిగినంత ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి తీరిగ్గా చూస్తే హ్యామర్, ట్రిగ్గర్ కూడా నికెల్‌తో మెరుస్తున్నాయి. ఫ్యాక్టరీలో ఆ రెండిటికీ నికెల్ వేసేవాళ్ళు కాదు, మబ్బుల్లా కలగలిసిన రంగులతో వదిలేసేవాళ్ళు. స్క్రూల చుట్టూ ఉక్కు గిన్నెలా లోపలికి దిగి ఉంది, కంపెనీ ముద్ర అంచులు అరిగిపోయాయి. ఎవరో బఫింగ్ చక్రం మీద పెట్టి అరగదీసి పైన కొత్త నికెల్ పూశారు. దానికి నేనిచ్చిన డబ్బులో సగం కూడా ఈ రోజుకీ రాదు. అందుకే చెప్తున్నా, రంగు పోయి పిడి దగ్గర చెమటకి గోధుమరంగు తిరిగినదైనా సరే, అంచులు పదునుగా ఉన్నదే కొనండి. కొన్నాక అమ్మమ్మ ఇత్తడి బిందెని చింతపండుతో తోమినట్టు తోమకండి, మెత్తటి గుడ్డ, కొంచెం గన్ ఆయిల్ చాలు.

ధర తెలుసుకోవాలంటే ఆన్‌లైన్ వేలంలో అడుగుతున్న ధరలు కాదు, అమ్ముడైపోయిన ధరలు చూడండి. దాని మీద కొనేవాళ్ళ కమిషన్, షిప్పింగ్, మీ ఊరి డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు కలుపుకోండి. వేరే రాష్ట్రంలో ఉన్న మనిషి దగ్గర కొంటే నేరుగా చేతులు మారకూడదు, మీ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే రావాలి. ఆఫీసర్ కథల విషయానికొస్తే, మా తాతలు నేతులు తాగారు మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటాయి. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కి నంబరు పంపి ఫీజు కడితే పాత రికార్డులు చూసి, ఎప్పుడు ఎక్కడికి పంపారో ఉత్తరం ఇస్తారు. ఆ కాగితంలో ఉన్నదానికే ఎక్కువ డబ్బు పెట్టండి.

ప్రశ్న (ఆస్టిన్ నుంచి): నేను హెచ్1బి మీద ఉన్నాను. నా డబ్బుతో నా రూమ్మేట్ పేరు మీద పాత కోల్ట్ ఒకటి కొని, గ్రీన్‌కార్డ్ వచ్చాక మార్చుకోవచ్చా?

జవాబు: ఆ పని చేయొద్దు. వేరేవాళ్ళ కోసం తన పేరు మీద కొనడాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు, అది ఫెడరల్ నేరం, డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే ఫారమ్ 4473 మీద సంతకం పెట్టిన మీ రూమ్మేట్ కూడా ఇరుక్కుంటాడు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో ఎక్కువమంది వాడేది అమెరికాలోని ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా ఇదే రూలు, మనవాళ్ళు వీకెండ్ సరదా అని వెళ్ళి ఫోటోలు కూడా పెడుతుంటారు, చూసినప్పుడల్లా నాకు గుండె దడ. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవాటిని ఫెడరల్ చట్టం యాంటిక్ అంటుంది, ఫైర్‌ఆర్మ్ లెక్కలోకే తీసుకోదు, కానీ రాష్ట్రాల చట్టాలు వేరు. వీసా పణంగా పెట్టే విషయం కాబట్టి లాయర్ని అడక్కుండా అడుగు వేయొద్దు.

ప్రశ్న (గుంటూరు జిల్లా నుంచి): మా తాతగారు పోయి మూడు నెలలైంది. ఆయన లైసెన్స్ మీద ఇంగ్లాండ్‌లో చేసిన ఒక వెబ్లీ రివాల్వర్ ఇంట్లో ఉంది, మధ్యకి విరిగినట్టు తెరుచుకుంటుంది. దీపావళికి ఆయన దాన్ని గాల్లోకి పేల్చేవారు. వందేళ్ళు దాటిందంటున్నారు, అంటే యాంటిక్ కాబట్టి లైసెన్స్ అక్కర్లేదా? అమెరికాలో ఉన్న మా బాబాయి తీసుకెళ్తానంటున్నాడు.

జవాబు: మూడు నెలల నుంచి ఇంట్లోనే ఉందా? ఇది చదవడం ఆపి ముందు దాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ జమ చేసి రసీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు తాతగారు స్టేషన్‌లో అప్పజెప్పి తెచ్చుకునేవారు కదా, అలాగే.

మన దేశంలో వందేళ్ళు దాటగానే లైసెన్స్ పోదు. ఆయుధాల చట్టంలో మినహాయింపు దొరికేది పాత నమూనాదో, పురావస్తు విలువ ఉన్నదో, పాడైపోయినదో అయి, రిపేరు చేసినా పేలని వాటికి. తాతగారిది దీపావళికి గాల్లోకి పేల్చేవారని మీరే రాశారు. బోరు, అంటే గొట్టం లోపలి కొలత, ఎంతో చూడండి. .32 అయితే వారసులు జిల్లాలో లైసెన్స్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. .38, .455 సర్వీస్ తూటా పట్టేవి ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధిత కొలత) కిందికి వస్తాయి, ఆ అనుమతి ఢిల్లీలో హోం శాఖ ఇవ్వాలి. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినదాంతో కలిపినా ఒకరి దగ్గర రెండుకు మించి ఉండకూడదు.

విలువ అడగలేదు గానీ అడుగుతారు. దిగుమతులు ఆగిపోయి దశాబ్దాలైంది కాబట్టి ఇక్కడ పాత విదేశీ .32కి పలికే ధర చూస్తే ఇంగ్లాండ్ వాళ్ళు ఆశ్చర్యపోతారు. కానీ కొనేవాళ్ళకీ లైసెన్స్ ఉండాలి, .455 అయితే కొనే అర్హత ఉన్నవాళ్ళే వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

బాబాయిగారికి చెప్పండి, నిజంగా వందేళ్ళు దాటి పురావస్తువు అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, వందేళ్ళు దాటకపోతే అది మామూలు ఆయుధం, ఇక్కడ ఎగుమతి అనుమతీ అక్కడ దిగుమతి అనుమతీ రెండూ కావాలి. సూట్‌కేసులో ఆవకాయ పక్కన పెట్టుకెళ్ళేది కాదు. కావాలంటే తాతగారు దాన్ని పట్టుకున్న ఫోటో ఒకటి ఫ్రేమ్ కట్టించి పంపండి.