‘పోలైన ఓట్లు’ తప్పా?

సందేహం: ‘పోలైన ఓట్లు’ అని వార్తల్లో తరచూ కనిపిస్తుంది. ‘పోలు’ అంటే ఒకదానిలా మరొకటి ఉండడం కదా, ఈ ప్రయోగం తప్పు కాదా? పోలింగ్, ఓటింగ్, ఎన్నిక మూడింటికీ అర్థం ఒకటేనా?

సమాధానం: ‘పోలైన’ తప్పు కాదు. ‘తండ్రిని పోలిన కొడుకు’ అన్నప్పటి ‘పోలిన’కూ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఇంగ్లీషు ‘పోల్’కు మన ‘అయిన’ చేరి ఏర్పడిన మాట. పాసైన, ఫెయిలైన, రద్దయిన అన్నవీ ఈ తీరువే. పరాయి పదానికి ‘అవు’ చేర్చి క్రియగా వాడుకోవడం తెలుగుకు బాగా అలవాటైన పద్ధతి. దీన్ని నిస్సంకోచంగా రాయవచ్చు.

‘పోల్’కు పాత ఇంగ్లీషు వాడుకలో తల అని అర్థం. తలలు లెక్కించడం నుంచి ఓట్లు లెక్కించడం, ఆపైన ఓట్లు వేయడం అనే అర్థాలు వచ్చాయి. 1381లో ఇంగ్లండు రైతుల తిరుగుబాటుకు ఒక కారణమైన ‘పోల్ టాక్స్’ అచ్చంగా తలపన్నే. కప్పపిల్లను ‘టాడ్‌పోల్’ అనడంలోనూ ఉన్నది ఈ తలే. మన ‘ఎన్నిక’కు మూలమైన ‘ఎన్ను’కు కూడా లెక్కించు, ఎంచు అని అర్థాలున్నాయి. సంబంధం లేని రెండు భాషలు లెక్క నుంచే ఓటు దాకా రావడం నాకు ఎంతో ఇష్టమైన విషయం.

అయినా పోలింగ్, ఎన్నిక ఒకటి కావు. నోటిఫికేషన్ నుంచి ఫలితం ప్రకటించేదాకా సాగేదంతా ఎన్నిక. అందులో ఓటర్లు కేంద్రాలకు వచ్చి ఓట్లు వేసే ఘట్టం పోలింగ్. 1977లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అక్కడ ఎన్నిక ఉంది, పోలింగ్ లేదు. కాబట్టి పోలింగ్ రోజును ‘ఎన్నికల రోజు’ అని వాడుకలో అన్నా, వార్త రాసేవారు తేడా పాటించాలి.

ఓటింగ్ అంటే ఓటు వేయడం, అది ఎక్కడైనా సరే. శాసనసభలో అవిశ్వాస తీర్మానంపై జరిగేది ఓటింగే. దాన్ని పోలింగ్ అనకూడదు. జనాభిప్రాయ సేకరణకు ‘పోల్’ చాలు: ఒపీనియన్ పోల్, ఎగ్జిట్ పోల్. కంప్యూటర్ రంగంలో మాత్రం పోలింగ్‌కు వేరే అర్థముంది: అనుసంధానమైన పరికరాలను ‘పంపాల్సింది ఏమైనా ఉందా’ అని యంత్రం పదే పదే విచారించడం.

పోలింగ్ జరుగుతుంది, మొదలవుతుంది, ముగుస్తుంది. ఓటరు వేసేది ఓటు. ‘పోలింగ్ వేశారు’ అనడం తెలుగు కాదు. ‘పోలింగు’ అని ఉకారంతో రాసినా ఒప్పే. ‘పోలింగ్ శాతం 70 శాతంగా నమోదైంది’ అనే వాక్యంలో మాత్రం ఒక శాతం దండగ. ‘70 శాతం పోలింగ్ నమోదైంది’ అంటే సరిపోతుంది.