ఈస్టర్ నిజంగా ‘ఓస్టారా’ దేవత పండుగేనా? కుందేలు, గుడ్లు ఆమెవేనా?

పేరు వరకూ ఆవిడదే కావచ్చు. పండుగ మాత్రం కాదు. ఏటా పండక్కి ముందు మా బంధువుల గ్రూపులో ఇదే ఫార్వర్డ్ తిరుగుతుంది, అందుకే కాస్త ఓపిగ్గా చెప్తాను.

ఆ దేవతను పేరు పెట్టి చెప్పిన పాత రాత ఒక్కటే ఉంది. ఉత్తర ఇంగ్లండులోని జారో మఠంలో ఉండే బీడ్ అనే సన్యాసి, 725లో కాలగణన మీద రాసిన పుస్తకంలో పాత నెలల పేర్లు వివరించాడు. అందులో ఒక నెలకు ఎయోస్ట్రె అనే దేవత పేరు పెట్టారనీ, ఆ నెలలో ఆమెకు పండుగలు చేసేవారనీ, ఇప్పుడు పస్కాను (క్రైస్తవుల ఈస్టర్ కాలాన్ని) ఆ పేరుతోనే పిలుస్తున్నారనీ అన్నాడు. అంతే. ఆవిడ రూపమేంటో, వాహనమేంటో ఒక్క ముక్క లేదు. ‘ఓస్టారా’ అన్న పేరైతే 1835లో యాకోబ్ గ్రిమ్ (కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన) పాత జర్మన్ నెల పేరు పట్టుకుని ఊహించింది. కుందేలును ఆవిడకు జత చేసింది కూడా 19వ శతాబ్దపు పండితులే.

అలాగని వట్టి కల్పన అనీ కొట్టిపారేయలేం. 1958లో కొలోన్‌కు పడమరగా మోర్కెన్-హార్ఫ్ దగ్గర, రోమన్ల కాలం నాటి 150కి పైగా రాతి శాసనాలు దొరికాయి. అవి ‘ఆస్ట్రియాహెనే’ అనే తల్లి దేవతలకు మొక్కినవి. ఆ పేరూ ఈ పేరూ ఒకే ధాతువువి. నాకైతే బీడ్ మాట నమ్మాలనే ఉంది.

కానీ పేరుకీ పండుగకీ ముడిపెట్టడం దగ్గరే తేడా వస్తుంది. మా అమ్మమ్మ గుంటూరులో ప్రతి ఆదివారం చర్చికి వెళ్లేది. ఆదివారం అంటే సూర్యుడి వారం. ఆవిడ సూర్యుణ్ణి కొలిచినట్టా? రెండో శతాబ్దానికే మధ్యధరా ప్రాంతపు క్రైస్తవులు యేసు పునరుత్థాన పండుగ, అంటే ఈస్టర్, చేస్తున్నారు, అదీ పస్కా అనే యూదుల పండుగ లెక్క మీదే. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ పేర్లన్నీ పస్కా నుంచి వచ్చినవే. ఇక ‘ఇష్తార్’ అనే బాబిలోన్ దేవత నుంచి ఈస్టర్ వచ్చిందన్నది వట్టి ధ్వని పోలిక.

గుడ్ల సంగతి ఇంకా మామూలు. శ్రమదినాల (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) 40 రోజులూ అప్పట్లో గుడ్లు తినకూడదు. కోళ్లకు ఆ సంగతి తెలియదు కదా, పెడుతూనే ఉంటాయి. పండుగ నాటికి గుట్టలు! గుడ్లు తెచ్చే కుందేలు గురించి 1682లో ఒక జర్మన్ వైద్యుడు రాశాడు, అదీ పిల్లలకు చెప్పే కట్టుకథ అనే.

జర్మనీలో నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ ఏటా మొగ్గలేసిన కొమ్మలు కూజాలో పెట్టి వాటికి గుడ్డు పెంకులు వేలాడదీసేది. గుడ్డుకు రెండు వైపులా సూదితో బెజ్జం పొడిచి, ఒకవైపు నుంచి ఊదితే రెండో వైపు సొన కారాలి. నేను ఊదిన మూడోది చేతిలోనే చితికింది. ఓస్టారా గురించి అడిగితే, ఆ పేరే వినలేదంది. గిన్నెలో సొన పోగైంది, ముందు ఉల్లిపాయలు తరగమంది.