పల్లెలో తడి చెత్తను ట్రాక్టరు ఎక్కకముందే ఆపడం గురించి

మీ ఊరి పంచాయతీ ట్రాక్టరు ఇంటింటి చెత్తను తెచ్చి చెరువు కట్ట పక్క గుంటలో పోస్తోందనీ, అందులో తిండి వ్యర్థాలు కుళ్లకుండా ఉండాలంటే కంపోస్టు యంత్రం కొనిపించాలా లేక అపార్టుమెంట్లలో వాడే డబ్బాలు ఇంటింటికీ పంచాలా అనీ అడిగారు. రెండూ అక్కరలేదన్నది నా అభిప్రాయం. నేను బెంగళూరులో హోసకోట రోడ్డు వైపు ఉంటాను. మా అపార్టుమెంటులో తడి చెత్త పని చూసే కమిటీలో ఉన్నాను. కోలారు జిల్లాలో మా అత్తగారి ఊరు తెలుగువాళ్ల పల్లె. అక్కడి పంచాయతీతో కలిసి ఇదే పనిలో కొంతకాలంగా తిరుగుతున్నాను కాబట్టి రెండు చోట్లా చూసింది చెబుతాను.

అపార్టుమెంటులో మాకు మట్టి లేదు, పేడ లేదు, ఎండుటాకులు కూడా చాలవు. అందుకని డబ్బాలు, కొబ్బరి పొట్టు, సూక్ష్మజీవుల పొడి కొనుక్కోవలసి వస్తుంది. పల్లెలో ఇవన్నీ కాళ్ల కింద పడి ఉంటాయి. అన్నం మెతుకులు, బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి తొట్టికి, మిగిలినది పెంటదిబ్బకు పోయే ఇంట్లో ట్రాక్టరుకు ఇవ్వడానికి తడి చెత్తే ఉండదు. మా పల్లెలో వీధి వీధీ తిరిగి చూసినప్పుడు తేలింది ఇదే: పాడి ఉన్న ఇళ్ల నుంచి వచ్చేది దాదాపుగా ప్లాస్టిక్ కవర్లే. కుళ్లే సరుకంతా పశువులను అమ్మేసినవారు, ఇటుక బట్టీల దగ్గర అద్దెకుండేవారు, రోడ్డు మీది హోటళ్లు, బడి, కల్యాణ మండపం పంపుతున్నదే. కాబట్టి మీరు మొదట చేయవలసింది ఎవరి ఇంట పశువులు ఉన్నాయో, ఎవరికి దిబ్బ వేసుకునే చోటు ఉందో ఒక కాగితం మీద రాసుకోవడం. పశువులు లేని ఇల్లు పక్కింటి కుడితి తొట్టికి ఇవ్వగలిగితే ఆ ఇంటి పని అక్కడితో సరి.

ఊరి చెత్త కోసం షెడ్డు కట్టే ఆలోచన మీ పంచాయతీకి ఉంటే ఊరివాళ్లను ముందే అడగండి. మా వైపు ఆ మాట ఎత్తగానే జనం మండూరు పేరు తీశారు. బెంగళూరు చెత్త ఏళ్ల తరబడి మండూరు, మావళ్లిపుర పల్లెల మీద పడింది. మావళ్లిపురలో 2012లో, మండూరులో 2014 చివర, ఊళ్లవాళ్లు రోడ్డెక్కిన తరువాతే అది ఆగింది. ‘ఈరోజు మన చెత్తకని షెడ్డు వేస్తారు, రేపు పక్క పట్నం చెత్త తెచ్చి పోస్తారు’ అన్న ఒక పెద్దాయన మాటకు నా దగ్గర జవాబు లేదు, ఆ అనుమానం న్యాయమైనదే కనుక.

గుంటలో జరిగేది ఏమిటో కూడా ఊరివాళ్లకు చెప్పాలి. పైన కవర్లు, కింద తడి, మధ్య గాలి ఆడకపోవడంతో అన్నం, కూర చివకకుండా పులిసి మీథేన్ వాయువు విడుదల చేస్తాయి. నూరేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువుకన్నా సుమారు 28 రెట్లు బలమైనది. అడుగున దిగే నల్లటి ఊట చెరువు పక్కన ఎటు పోతుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. అదే వ్యర్థం పేడతో, ఎండు చెత్తతో కలిసి గాలి ఆడేలా ఉంటే ఎరువు అవుతుంది.

దిబ్బ విషయంలో మాత్రం కొంచెం శ్రద్ధ కావాలి. వంటింటి తడి ఒక వంతుకు కొలతలో రెండు వంతుల ఎండు సరుకు (రాలిన ఆకు, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు, రంపపు పొట్టు) పడాలి. పేడ నీళ్లు చల్లి, పైన పలుచగా మట్టి కప్పాలి. నిడివి, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులకు తగ్గితే లోపల వేడి నిలవదు. సరిగా కుదిరితే 55 డిగ్రీలు దాటుతుంది, కలుపు గింజలు కూడా చస్తాయి. పిడికిట పట్టి పిండితే తడి తెలియాలి గానీ నీరు కారకూడదు. ఈగలు, కంపు వచ్చాయంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకు వేసి తిరగవేస్తే తగ్గిపోతుంది. వానాకాలం పైన కొబ్బరి మట్టలో, రేకో కప్పాలి. (మా అత్తగారు ఈ కొలతలన్నీ విని నవ్వారు. ఆవిడ వాసన చూసే చెబుతారు.) చోటు తక్కువైన వీధిలో నాలుగైదు ఇళ్లకు కలిపి ఇటుకల మధ్య సందులు వదిలి కట్టే నాడెప్ తొట్టి బాగుంటుంది, మహారాష్ట్ర రైతు పాంఢరీపాండే పేరు మీద వచ్చిన పద్ధతి అది. మామూలుగా పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల లోతు ఉంటుంది.

అసలు చిక్కు పెళ్లిళ్ల దగ్గర వస్తుంది. మిగిలిన అన్నం, పాయసం పశువులకే కదా అని గంపలతో పోస్తారు. వండిన అన్నం ఒక్కసారిగా ఎక్కువ తింటే ఆవు పొట్టలో ఆమ్లం పెరిగి, నెమరు ఆగి, ప్రాణం మీదికి వస్తుంది. పశువుల డాక్టరును అడిగితే పెళ్లిళ్ల కాలంలో ఇలాంటివి ఎన్ని చూశాడో చెబుతాడు. మండపం యజమానికి ముందే చెప్పి, తినదగినది ఆ పూటే పంచేలా, ఎంగిలి విస్తళ్లు ఆవరణలోనే గుంతలో పేడతో పొరలుగా వేసేలా ఒప్పించాలి. విస్తళ్లు ఆకువైతేనే ఇది కుదురుతుంది. వెండి రంగు కాగితం అతికించిన ప్లేట్లు వాడితే దిబ్బ పాడవుతుంది. రోజూ నిలకడగా తడి వచ్చే హాస్టలు లాంటి చోటుంటే గోబర్ గ్యాస్ ఆలోచించవచ్చు. ఇంటి స్థాయిలో రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకే రోజుకు సుమారు 50 కిలోల పేడ, అంటే నాలుగైదు పశువులు కావాలి గనుక ఒక్క ఆవున్న ఇంటికి దాన్ని అంటగట్టవద్దు.

డబ్బు సంగతికొస్తే, స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండవ దశ మార్గదర్శకాలలో ఘన వ్యర్థాల పనికి 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి తలకు 60 రూపాయల వరకు, ఆపైన 45 రూపాయల వరకు లెక్క కట్టారు. రెండు వేల జనాభాకు లక్షా ఇరవై వేలు. దానితో యంత్రం రాదు, తొట్లు వస్తాయి. ఉపాధి హామీ పనుల కింద కూడా చాలా ఊళ్లు ఇలాంటి తొట్లు కట్టించుకున్నాయి.

చివరగా ట్రాక్టరు. కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో బెంగళూరు ఇళ్లలో చెత్తను వేరుచేయడానికి రెండు డబ్బాలు, ఒక సంచి ఉండాలని ఆదేశించింది గానీ, మా వీధిలో అది అమలైంది బండిమీది మనిషి కలిపిన చెత్తను తీసుకోనని తిప్పి పంపడం మొదలుపెట్టాకే. మీ ఊళ్లో ట్రాక్టరు పొడి చెత్త కోసం వారానికి రెండుసార్లు వస్తే చాలు. తడి చెత్త తీసుకోబోమని సర్పంచి గారు గ్రామసభలోనే చెప్పాలి, మొదటి నెల ఆయన కూడా బండి వెంట నడవాలి, ఎందుకంటే పారిశుద్ధ్య కార్మికులు వద్దంటే వాళ్లను కసిరే ఇళ్లు ఆయన ఎదుట నోరెత్తవు.