ఆలివ్ నూనె కోసం ఆగకు బిడ్డా

బిడ్డా,

షుగర్ మొదలైంది, డాక్టరేమో మెడిటరేనియన్ డైట్ అన్నాడు, ఆలివ్ నూనె రేటు చూస్తే భయమేస్తోంది పెద్దమ్మా అని ఫోన్‌లో టెన్షన్ పడ్డావు. ముందు ఆ సీసా సంగతి పక్కన పెట్టు. మన దేవరకొండ అంగడి సరుకుతోనే ఆ తిండి తినొచ్చు, ఇన్నేళ్లు నర్సుగా షుగర్, బీపీ వాళ్ల మధ్యనే పనిచేసి చెబుతున్నా.

ఈ మెడిటరేనియన్ డైట్, అంటే మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల తిండి, మొదట డబ్బున్నోళ్ల తిండి కాదు. 1958లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏడు దేశాల మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించే పని మొదలుపెడితే, గ్రీసులోని క్రీట్ దీవి రైతులకు గుండెజబ్బు చాలా తక్కువని తేలింది. పొట్టు తీయని ధాన్యం, పప్పులు, ఆకుకూరలు, పండ్లు, ఆలివ్ నూనె, కొంచెం చేప, మాంసం ఎప్పుడో ఒకసారి, అదీ వాళ్ల తిండి. తర్వాత స్పెయిన్‌లో గుండెజబ్బు ముప్పున్న ఏడు వేల మందికి పైగా జనంతో పరీక్ష చేశారు. ఈ తిండికి తోడు కొందరికి ఆలివ్ నూనె, కొందరికి రోజుకు 30 గ్రాముల వాల్‌నట్, బాదం లాంటి గింజలు ఇచ్చారు, మిగతావాళ్లకు కొవ్వు తగ్గించమని చెప్పారు. నూనె, గింజలు తిన్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు 30 శాతం తక్కువ. 2013 నాటి ఆ పేపర్‌లో లోపాలు బయటపడితే 2018లో సరిచేసి మళ్లీ వేశారు, ఫలితం పెద్దగా మారలేదు.

గింజలతోనూ మేలు జరిగింది చూడు, అందుకే ఒక్క నూనె మీదే పడకు అంటున్నా. మన పాలమూరు పల్లీల్లోనూ మంచి కొవ్వే ఎక్కువ, పిడికెడు ఉడకబెట్టుకుని తిను. బబ్బెర్లు, పెసర్లు, ఉలవలు, అనపకాయ గింజలు రోజూ ఏదో ఒకటి కంచంలో ఉండాలి. చెలకల్లో దొరికే గంగవాయిలి కూర ఉంది కదా, అది గ్రీసు వాళ్లు సలాడ్‌లో పచ్చిగానే తింటారు, చేపల్లో ఉండే ఒమేగా-3 జాతి కొవ్వు ఆ ఆకులోనూ ఉంటుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం తగ్గించాలి, నీకు ఆ బాధ లేదు కాబట్టి పప్పులో వేసుకో.

అసలు చిక్కంతా తెల్లన్నంతోనే. మూడు పూటలా గుట్టగా అన్నం, పక్కన గరిటెడు కూర, అది తిరగబడాలి. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావు వంతే అన్నం గానీ జొన్నరొట్టె గానీ. జొన్నరొట్టె మంచిది కదా అని నాలుగైదు లాగిస్తే అదీ షుగర్ పెంచుతుంది. రొట్టె కొట్టడం నువ్వూ నేర్చుకో, పనంతా కోడలి మీద వేస్తే నెల కూడా సాగదు.

కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ వేయించే బండి మిర్చీలు మానెయ్. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా దాటకూడదు, పచ్చళ్లలో ఉన్నదీ అందులోకే వస్తుంది. గుండెకు వైన్ మంచిదట అని ఎవరన్నా అంటే వినకు, అలవాటు లేనివాడు మొదలుపెట్టాల్సిన పని లేదు.

అన్నం తగ్గించే ముందు డాక్టర్‌కు చెప్పు. కొన్ని షుగర్ గోలీలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగర్ మరీ పడిపోతుంది, చెమటలు పట్టి చేతులు వణుకుతాయి. మోతాదు ఆయనే మారుస్తాడు, నీ అంతట నువ్వు గోలీ ఆపకు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, చేయించి ఆ కాగితం నాకు వాట్సాప్‌లో పెట్టు.

మీ పెద్దమ్మ, నల్గొండ