టైప్ ఇచ్చినా బిల్లు ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: అరకు హోమ్‌స్టేల బుకింగ్ సైట్‌ను టైప్‌స్క్రిప్ట్‌లో (టైప్‌లు చేర్చిన జావాస్క్రిప్ట్) చేస్తున్నాను. గది అద్దె 1500, సర్వీస్ చార్జి 200. టెస్టులు నడిపే వీటెస్ట్ టూల్‌లో అన్నీ పాసవుతున్నాయి. సైట్‌లో మాత్రం మొత్తం 1500200 అని వస్తోంది. అద్దెకి నంబర్ టైప్ ఇచ్చాను కదండీ?
– ఓ పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయి, అద్దె కాలమ్ న్యూమరిక్ (దశాంశ సంఖ్యల టైప్) అయితే కారణం దాదాపు అదే. సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్‌లో, డేటాబేస్‌తో మాట్లాడే పీజీ డ్రైవర్ న్యూమరిక్ విలువను స్ట్రింగ్‌గా, అంటే కోట్స్‌లో ఉన్న అక్షరాలుగా ఇస్తుంది. అది డేటా పంపే ఫార్మాట్ అయిన జేసన్‌లోనూ కోట్స్‌తోనే బ్రౌజర్‌కి చేరుతుంది. జేసన్ చదివాక వచ్చేది ఎనీ టైప్ (ఏదైనా సరే అనే టైప్) కాబట్టి, దాన్ని మీరు నంబర్ అన్నా కంపైలర్ అడ్డు చెప్పదు. జావాస్క్రిప్ట్‌గా మారేసరికి టైప్‌లు అసలు మిగలవు. అప్పుడు ప్లస్ గుర్తు రెండింటినీ లెక్కగా కలపకుండా, పక్కపక్కన అతికిస్తుంది. టెస్ట్‌లో మీరే 1500 అని నంబర్ రాసిచ్చారు, అందుకే అది పాసైంది.

కాబట్టి కూడిక ఫంక్షన్‌కి ఇంకో పది టెస్టులు రాసినా లాభం లేదు. డేటా లోపలికి వచ్చే చోట ఒక చిన్న ఫంక్షన్ పెట్టండి. అది అన్‌నోన్ (ఏమిటో ఇంకా తెలియని విలువ) తీసుకుని, సరైన నంబర్ ఇవ్వాలి, లేదా ఎర్రర్ విసరాలి. టెస్టులు దానికి రాయండి. కోట్స్‌లో ఉన్న 1500 ఇస్తే నంబర్ 1500 రావాలి. ఖాళీ స్ట్రింగ్, నల్ (విలువే లేదని అర్థం), కామా ఉన్న 1,500, మైనస్ విలువ ఇస్తే ఎర్రర్ రావాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నంబర్ ఫంక్షన్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇచ్చినా, నల్ ఇచ్చినా 0 వస్తుంది. అంటే గది ఉచితం! కామా ఉంటే నాన్ (NaN, అంటే ‘నంబర్ కాదు’) వస్తుంది. నాన్ సున్నా కంటే తక్కువా అని అడిగితే ఫాల్స్ అంటుంది కాబట్టి, మైనస్ విలువల కోసం పెట్టిన తనిఖీని అది దాటిపోతుంది. అందుకని ఖాళీని, నల్‌ను ముందే తిప్పికొట్టి, మార్చాక అది నిజమైన సంఖ్యేనా అని నంబర్ డాట్ ఈజ్‌ఫైనైట్‌తో చూడండి.

ఇంకో సంగతి. వీటెస్ట్ మామూలుగా టైప్‌లను తీసేసి కోడ్ నడుపుతుంది, సరిచూడదు. కోడ్‌ను మార్చే బేబెల్‌తో నడిచే జెస్ట్ అనే టెస్ట్ టూల్ కూడా అంతే. టెస్ట్ స్క్రిప్ట్‌లో ముందు టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ టీఎస్‌సీని, ఫైళ్లు రాయకుండా సరిచూసే నోఎమిట్ ఆప్షన్‌తో నడిపి, తర్వాత టెస్టులు నడపండి. దాని సెట్టింగుల ఫైల్ టీఎస్‌కాన్ఫిగ్‌లోని ఇన్‌క్లూడ్‌లో టెస్ట్ ఫోల్డర్ లేకపోతే ఆ ఫైళ్లను టీఎస్‌సీ చూడదు, అది గమనించండి. తప్పు టైప్‌ను కావాలనే పంపే టెస్ట్‌లో టైప్ తనిఖీని తప్పించే యాజ్ ఎనీ వాడొద్దు. పై లైన్లో ‘ఇక్కడ టైప్ ఎర్రర్ రావాలి’ అని చెప్పే టీఎస్-ఎక్స్‌పెక్ట్-ఎర్రర్ కామెంట్ పెట్టండి. రేపు ఎవరైనా టైప్‌ను వదులు చేస్తే, ఎర్రర్ లేదేమిటని కంపైలరే ఆపుతుంది.

ప్రశ్న: జెస్ట్‌లో ప్రతి టెస్టూ రెండుసార్లు నడుస్తోంది. కోడ్ సరిచేసినా ఒకటి ఫెయిలవుతూనే ఉంది.
– గాజువాక పాఠకురాలు

జవాబు: టెస్ట్ ఫైళ్లు కూడా కంపైలై, బిల్డ్ ఫలితం చేరే డిస్ట్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి. జెస్ట్ తనంతట తాను వదిలేసేది బయటి ప్యాకేజీలుండే నోడ్ మాడ్యూల్స్‌నే, డిస్ట్‌ను కాదు. పైగా మీరు పేరు మార్చిన, తీసేసిన ఫైళ్ల పాత జావాస్క్రిప్ట్‌ను టీఎస్‌సీ చెరపదు. డిస్ట్‌ను డిలీట్ చేసి, జెస్ట్ కాన్ఫిగ్‌లో, వదిలేయాల్సిన ఫోల్డర్లను రాసే టెస్ట్‌పాత్‌ఇగ్నోర్‌ప్యాటర్న్స్‌కి డిస్ట్‌ను చేర్చండి. అక్కడ రాసింది డిఫాల్ట్ స్థానంలోకి వస్తుంది, అందుకే నోడ్ మాడ్యూల్స్‌నూ మళ్లీ రాయాలి. బిల్డ్‌కి టెస్టులను ఎక్స్‌క్లూడ్ చేసిన వేరే టీఎస్‌కాన్ఫిగ్ పెట్టుకోండి.