స్పోర్ట్స్ కారుకి కోల్డ్ ఎయిర్ ఇంటేక్ ఏ కంపెనీది మంచిది?

అడిగినాయనకి సెకండ్ హ్యాండ్ ముస్తాంగ్ జీటీ ఉందంట, నాలుగు కంపెనీల పేర్లు రాసి ఏది బెస్టో చెప్పమంటున్నాడు. నాకంత బండి లేదు, పోలో జీటీ టీఎస్ఐ. కానీ ఈ ఇంటేక్ (ఇంజన్‌లోకి బయటి చల్లగాలి పంపే పైపూ ఫిల్టరూ) పిచ్చిలో నేను తగలేసిన డబ్బుకి నాలుగు మాటలు చెప్పొచ్చులే.

అన్నా, కంపెనీ సంగతి పక్కన పెట్టు. ఫిల్టర్ యాడ కూర్చుంటాదో అది చూడు.

నేను మొదట పెట్టించింది బానెట్ కింద ఓపెన్ కోన్, అంటే డబ్బా లేకుండా బయటికి కనపడే గరాటు ఫిల్టర్. సౌండ్ అదిరింది, రెండు వారాలు పనున్నా లేకపోయినా నెల్లూరంతా తిప్పా. తర్వాత ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో లెక్కలు చదివే పరికరం) పెట్టి చూస్తే, మే నెల, ఒంగోలు కర్నూలు రోడ్డు ట్రాఫిక్, లోపలికి పోయే గాలి 65 డిగ్రీలు! దీనికి కోల్డ్ ఎయిర్ అని పేరు. 10 డిగ్రీలు పెరిగితే గాలి చిక్కదనం దాదాపు 3 శాతం పడిపోద్ది, పవర్ కూడా తగ్గుద్ది. నాది టర్బో కాబట్టి గాలిని చల్లబరిచే ఇంటర్ కూలర్ కొంత సర్దుకుంటాది, ముస్తాంగ్ జీటీకి అదీ లేదు.

అప్పుడన్నా బుద్ధి రావాలా, రాలా. చెన్నైలో ఒక షాపులో అల్యూమినియం పైపు వంచించి ఫిల్టర్‌ని కిందకి, ముందు బంపర్ వెనక్కి దించా. చల్లగాలే వచ్చింది, అబద్ధం ఎందుకు. నవంబర్ దాకా.

మాకు నవంబర్ అంటే తెలుసుగా, 2021లో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనే కోసుకుపోయింది. నాది అంత సీన్ కూడా కాదు, మామూలు ముసురు, రాత్రి తొమ్మిదింటికి మాగుంట లేఔట్ అండర్ బ్రిడ్జి (ప్రతి ఏడూ అదే కథ, వాన వెలిసినాక మోటరు తెచ్చి పెడతారు). ముందు ఆటో పోయింది కదా అని నేనూ దించా. నీళ్లు సగం టైరుకి కూడా లేవు. మధ్యలోకి పోయేసరికి బండి దగ్గినట్టు ఒక్క ఊపు ఊపి ఆగిపోయింది. అక్కడితో దిగి తోసుకుంటే బతికిపోయేవాణ్ణి, రెండుసార్లు సెల్ఫ్ కొట్టా. రెండోసారి టక్ మని ఇనుమ్మీద ఇనుము కొట్టిన సౌండ్.

పొద్దున మెకానిక్ బాయ్ నాలుగు ప్లగ్గులూ విప్పి సెల్ఫ్ కొడితే మూడో బొక్కలోంచి నీళ్లు పిచికారీ కొట్టినట్టు ఎగిరి బానెట్‌కి తగిలినాయి. 'గాలైతే నలుగుద్ది సార్, నీళ్లు నలగవు, వంగేది రాడ్డే' అన్నాడు. లక్షా అరవై వేలు. ఇంజన్ ప్రొటెక్ట్ (ఇంజన్లోకి నీళ్లు పోతే కాసే అదనపు పాలసీ) తీసుకోలేదుగా, పైగా పైపు మార్చినారుగా అని ఇన్సూరెన్స్ వాళ్లు రూపాయి ఇవ్వలా.

ఇంకోటి, దుమ్ము. పని మీద వారానికి రెండుసార్లు చీమకుర్తి పోతా, గ్రానైట్ టిప్పర్ల వెనక పది నిమిషాలు పోతే అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ నూనె రాసే కాటన్ ఫిల్టర్లు కడిగినాక నూనె ఎక్కువైతే అది పోయి మాఫ్ సెన్సార్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) వైరుకి పట్టుకుంటాది, ఇంక బండి ముక్కతా మూలగతా నడుస్తాది. ఆ సెన్సార్ కూర్చునే పైపు లావు మారినా ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) లెక్క తప్పుద్ది, కొన్ని కిట్లకి ట్యూన్, అంటే ఆ కంప్యూటర్ లెక్కలు మార్చడం, కావాలనేది అందుకే. యూట్యూబ్ వాళ్లు ఇది చెప్పరు, వాళ్లకి సౌండ్ వీడియో చాలు.

నీకు తీసుకోక తప్పదంటే మూత ఉన్న డబ్బా కిట్, ట్యూన్ అక్కర్లేదని రాసుండేది, గాలి పీల్చే మూతి బండితో వచ్చినదున్నంత ఎత్తులోనే ఉండేది తీసుకో. పాత ఎయిర్ బాక్స్ (బండితో వచ్చిన ఫిల్టర్ డబ్బా) మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. నాది వెతుక్కుంటా మిద్దెక్కితే మా అమ్మ అందులో మట్టి పోసి కొత్తిమీర వేసుండాది, మొలకలు కూడా వచ్చినాయి. పీకుతుంటే నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.